శ్రీ డోర్డ్ గారికి, ఒక అసూయాపరుడు రాసుకున్న లేఖ

అయ్యా,

మీరు ఇంగ్లీషు మాట. అర్థం: సాంద్రత. 1934లో అమెరికాలో అచ్చయిన వెబ్‌స్టర్ పెద్ద డిక్షనరీలో, 771వ పేజీలో దర్జాగా కాపురం పెట్టారు. మీకు ఒక పక్కింట్లో న్యూగినీ చిట్టి కంగారూ, ఇంకో పక్కింట్లో బంగారు రంగు. ఆరు లక్షల మాటల ఊళ్లో మంచి చోటే దొరికింది. లోటల్లా ఒకటే, మీరు అసలు పుట్టలేదు.

1931 జులై 31న కెమిస్ట్రీ ఎడిటర్ ఒక చీటీ పంపాడు. సాంద్రతకి పొట్టి గుర్తుగా పెద్ద 'డి' గానీ చిన్న 'డి' గానీ వాడతారని దాని సారాంశం. ఆ 'గానీ'ని ఇంగ్లీషులో 'ఆర్' అంటారు కదా. పొట్టి గుర్తుల కట్టలో పడాల్సిన చీటీ మాటల కట్టలో పడింది. మధ్యలో ఉన్న ఖాళీలు మూసుకుపోయి, 'D or d' కాస్తా 'Dord' అయింది. మన దగ్గరైతే 'డిగానీడి' అని పుట్టేవారు! పైగా మిమ్మల్ని ఎలా పలకాలో కూడా ఎవరో శ్రద్ధగా రాసిపెట్టారు.

అచ్చయ్యాక ఐదేళ్ల దాకా మిమ్మల్ని కాగితాలు అడిగిన నాథుడు లేడు. 1939 ఫిబ్రవరి 28న ఒక ఎడిటర్ పేజీలు తిరగేస్తుంటే, మీకు వ్యుత్పత్తి లేదని కంటపడింది. అంటే గోత్రం దొరకలేదన్నమాట. అప్పుడు గానీ మీ గుట్టు బయటపడలేదు.

ఇక మా సంగతి. మా నాన్న పాస్‌బుక్కులో ఇంటిపేరు అక్షరం పక్కన చుక్క ఎగిరిపోయి, ఇంటిపేరూ పేరూ అతుక్కుపోయాయి. అచ్చం మీ జబ్బే. ఆఫీసులో గుమస్తా కళ్లజోడు పైనుంచి చూసి, "ఆయనా ఈయనా ఒకరేనని రుజువేంటండీ?" అన్నాడు. నాన్న నా పక్కనే, చేతిలో గొడుగుతో నిలబడి ఉన్నాడు. నాన్నకేసి కన్నెత్తి చూడకుండా, నోటరీ చేయించుకు రమ్మన్నాడు. నాలుగుసార్లు తిరిగాం. డెబ్బై రెండేళ్ల మనిషికి, తను తనేనా అని టెన్షన్ పట్టుకుంది.

మీ అదృష్టం చూడండి, డిక్షనరీవాళ్లే అయిన ఫిలిప్ గోవ్ గారు 1954లో మీ కథంతా రాసి, సాంద్రతని డోర్డ్ అంటే తప్పేముందని ముచ్చటపడ్డారు కూడా. మా గుమస్తా ఇంతవరకూ అలా ముచ్చటపడలేదు.

ఇట్లు,
పాస్‌బుక్కు గల ఒకరి కొడుకు

జత: 'వన్ అండ్ సేమ్' సర్టిఫికెట్ జిరాక్స్, ఒకటి. మీరూ సాంద్రతా ఒకరేనని ఎవరైనా అడిగితే, పేర్లు మార్చి వాడుకోండి. నోటరీ ఖర్చు మాత్రం మీదే.