రొయ్యల చెరువుకున్న పరీక్ష కుళాయికి లేదు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు నీళ్లు పరీక్షించే ఏ ఆక్వా ల్యాబుకు పొద్దున్నే వెళ్లినా బల్ల మీద నీళ్ల బాటిళ్లు వరసగా ఉంటాయి. పీహెచ్, సాలినిటీ, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, అమ్మోనియా. బడి మధ్యలో మానేసిన రైతు కూడా ఈ మాటల్ని మేత ధర మాట్లాడినంత తేలిగ్గా మాట్లాడతాడు. రొయ్యకు రోగం తెచ్చే విబ్రియో బ్యాక్టీరియాను పెంచి చూసే ప్లేటులో గ్రీన్ కాలనీలు పెరిగాయని తెలిస్తే ఆ పూట అన్నం సహించదు. ఈమధ్య అలాంటి ఒక ల్యాబుకు మా ఇంటి కుళాయి నీళ్లు పట్టుకెళ్లాను. కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండానే అడిగాడు: "ఎన్ని ఎకరాలండీ? ఎన్నో రోజు?"

చెరువు కాదు, తాగే నీళ్లంటే నవ్వాడు. "అవెవరూ తేరండీ" అన్నాడు.

తేకపోవడానికి కారణం ఉంది. తాగే నీళ్లకు మన దగ్గర ఇంకో ల్యాబు ఉంది, చొక్కా జేబులో పట్టేస్తుంది. టీడీఎస్ పెన్ను, అంటే నీళ్లలో కరిగిన లవణాలెన్నో చెప్పే మీటరు. గ్లాసులో ముంచితే అంకె వస్తుంది. యాభై వస్తే మంచి నీళ్లు, రెండు వందలు వస్తే చెడ్డ నీళ్లు. ఫిల్టర్లు అమ్మే కుర్రాళ్లు దీనికి తోడు ఇంకో ముచ్చట చూపిస్తారు. రెండు గ్లాసులు పెట్టి, ఒకదాంట్లో కుళాయి నీళ్లు, రెండోదాంట్లో ఆర్వో నీళ్లు పోసి, లోహపు కడ్డీలున్న ప్లగ్గు పెట్టి కరెంటు ఇస్తారు. నిమిషంలో కుళాయి నీళ్లు తుప్పు రంగుకు తిరిగి మురుగులా అవుతాయి. ఆర్వో నీళ్లు తేటగా నిలబడతాయి. చూసే ఇల్లాలికి గుండె ఝల్లుమంటుంది. నిజానికి ఆ మురుగు నీళ్లలోది కాదు, కడ్డీలోని ఇనుము కరిగి వచ్చిన తుప్పు. కుళాయి నీళ్లలో లవణాలున్నాయి కాబట్టి కరెంటు పారింది. ఆర్వో నీళ్లలో అవి లేవు కాబట్టి పెద్దగా పారలేదు. అంతే సంగతి.

పెన్ను చేసేదీ అదే. నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పోతోందో చూసి, లవణాలు ఇంత ఉండొచ్చని లెక్కగడుతుంది. అది సున్నమా, ఉప్పా అన్నది దానికి తెలియదు. సూక్ష్మక్రిములైతే దాని కంటికి ఆననే ఆనవు. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛపోయినప్పుడు అందరికీ ముందు అనుమానం వచ్చింది నీళ్ల మీదే. ఎయిమ్స్ పరీక్షల్లో బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. అవి ఎటునుంచి చేరాయన్నది వేరే చర్చ. అలాంటివి నీళ్లలో ఉన్నా లేకపోయినా పెన్ను మాత్రం అదే అంకె చూపిస్తుంది.

ఇక హార్డ్‌నెస్, అంటే నీటి కఠినత్వం. "మా ఊరి నీళ్లు హార్డండీ" అని డెల్టా పట్నాల్లో అందరూ అంటారు. ఏ నీళ్లు? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ ఊళ్లు తాగుతున్నది గోదావరి కాలువ నీరు. అందులో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి గానీ పప్పు ఉడకనంత ఉండవు. భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) తాగునీటి ప్రమాణం ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దిక్కు లేని చోట 600 దాకా ఒప్పుకుంటారు. టీడీఎస్‌కు ఆ హద్దులు 500, 2000. మా కుళాయి దగ్గర పెన్ను పెడితే 210 చూపించింది. అదే అపార్ట్‌మెంటు వెనకాల బోరు నీళ్లకు పెడితే వెయ్యి దాటింది.

బోరు సంగతి వేరు. డెల్టా నేలంతా గోదావరి మేటవేసిన ఒండ్రు, ఒకప్పుడు సముద్రం నిలిచిన చోటు. అడుగున ఆ పాత ఉప్పు ఇంకా ఉంది. ఆ నీళ్లకు సబ్బు నురగ రాదు, కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటుంది, గీజరు కాయిల్ మీద సున్నం గుడ్డు పెంకులా కడుతుంది. చాలా అపార్ట్‌మెంట్లలో ఈ బోరు నీళ్లూ మున్సిపల్ నీళ్లూ పైన ఒకే ట్యాంకులోకి ఎక్కుతాయి. తిట్లు మాత్రం కుళాయికి పడతాయి.

కుళాయికి అసలు జబ్బు లేదని కాదు. ఉంది, అది హార్డ్‌నెస్ కాదు. వరదల రోజుల్లో ఎర్రనీరు దిగుతుంది. మా అమ్మమ్మ ఆ రోజుల్లో కుండ లోపల చిల్లగింజ అరగదీసేది, పొద్దుటికి మట్టి అడుక్కి దిగేది. ఇప్పుడు ఫిల్టర్ బెడ్ల దగ్గర పటిక ఆ పని చేస్తుంది, మోతాదు సరిగ్గా పడితే. ఏప్రిల్లో కాలువలు కట్టేస్తారు. మళ్లీ వదిలేదాకా ఊరంతా చెరువులో నింపుకున్న నీళ్ల మీదే బతకాలి. మే నాటికి ఆ చెరువులో నాచు, వాసన.

ఇవన్నీ దాటి నీళ్లు శుభ్రంగా బయల్దేరినా మిగిలేది పైపు. రోజుకు గంటో రెండు గంటలో వదిలి ఆపేస్తే మిగతా సేపు పైపు ఖాళీ. అది డ్రైనేజీ పక్కనుంచి, కొన్నిచోట్ల డ్రైనులోంచే పోతుంది. ఎక్కడ చిల్లు ఉంటే అక్కడ మురుగు లోపలికి వస్తుంది. పైగా మనం కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగుతాం. మోటారు నీళ్లతో పాటు పక్కన ఉన్నదాన్నీ పీలుస్తుంది. ఈ తప్పు మున్సిపాలిటీది కాదు, మనదే. మా వీధిలో మోటారు లేని ఇల్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా ఇంటికీ రెండేళ్ల కిందటి దాకా ఉండేది.

ఈ మురుగుకు అడ్డుపడేది క్లోరిన్. కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. మనకేమో బ్లీచింగ్ వాసనొస్తే నీళ్లు పాడైపోయినట్టు. ఆ వాసన లేని ఇరవై లీటర్ల టిన్ను కొంటాం. దాన్ని "మినరల్ వాటర్" అంటాం, మినరల్స్ తీసేసిందే ఆ ప్లాంటు! క్లోరిన్ కూడా అక్కడే పోతుంది. ఆపైన టిన్ను కడిగారో లేదో, అడుగున పచ్చగా ఉన్నదేమిటో చూసేవాడు లేడు. టీడీఎస్ 500 లోపు ఉన్న చోట ఆర్వో వాడొద్దని 2019లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. ఇంట్లో ఆర్వో ఒక బిందె ఇవ్వడానికి రెండు మూడు బిందెలు సింకులోకి వదిలేస్తుంది. మేలో చెరువు అడుగంటే ఊళ్లో ఇది మామూలు దండగ కాదు. కాలువ నీళ్లను వడకట్టి బాగా మరిగిస్తే ఆ ఖర్చే లేదు.

క్లోరిన్ పరీక్ష పెద్ద పనేం కాదు. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు తిరుగుతుంది. తిరగకపోతే క్లోరిన్ లేదు. మలినం ఉందో లేదో చూసే చిన్న సీసాలున్నాయి, నీళ్లు పోసి ఉంచితే, మలినం ఉన్నప్పుడు ఒకటి రెండు రోజుల్లో నల్లబడతాయి. వార్డు సచివాలయం వాళ్లు వీధి చివరి కుళాయి దగ్గర, మొదటి కుళాయి దగ్గర కాదు, వారానికోసారి ఈ రెండూ చేసి, ఫలితం తేదీతో సహా గోడ మీద రాస్తే చాలు. ఊరికి ఆ చివర నల్లబడ్డ సీసా కనిపిస్తే పైపు ఎక్కడ తవ్వాలో కూడా తెలుస్తుంది.

నా బాటిల్‌కు ల్యాబు కుర్రాడు హార్డ్‌నెస్ చూసి పెట్టాడు. 120. "రొయ్యకైతే చాలదండీ, మినరల్స్ కొట్టాలి" అన్నాడు. క్లోరిన్ చూడమంటే, దానికి ఇక్కడ మందు లేదన్నాడు.