కణాలు వచ్చాయంటే నోరు బాగుపడినట్టేనా?

స్టెమ్‌సెల్ (రక్తకణాలను తయారుచేసే మూలకణాల) మార్పిడి చేయించుకున్నవాళ్ల కోసమంటూ ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: "మూడు నెలలు బ్రష్ ముట్టొద్దు, ఘాటైన మౌత్‌వాష్ చాలు. రక్తకణాలు పెరిగితే నోటి పుండ్లు వాటంతటవే పోతాయి, ఆ తర్వాత నోటి గురించి దిగులక్కర్లేదు. నోరెండితే నీళ్లు తాగండి. ఏడాది దాకా దంతవైద్యుడి గడప తొక్కొద్దు." ఇందులో అర ముక్క నిజం ఉంది. మిగతాది అక్షరాలా పళ్లూడగొట్టే సలహా.

"బ్రష్ ముట్టొద్దు." ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వస్తుందన్న భయం ఉత్తిది కాదు. కానీ బ్రష్ మానేస్తే పాచి పేరుకుని చిగుళ్లు వాస్తాయి, వాచిన చిగురు తాకితేనే కారుతుంది. తెల్లకణాలు లేని ఆ రోజుల్లో నోట్లోని బాక్టీరియాకు పుండ్లగుండా రక్తంలోకి దారి దొరుకుతుంది. అందుకే బాగా మెత్తని కుచ్చుల బ్రష్‌ను గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, రోజుకు కనీసం రెండుసార్లు తోముకోవాలి. పుదీనా పేస్టు మండితే ఘాటులేని ఫ్లోరైడ్ పేస్టు వాడాలి. స్పాంజి పుల్లలు నోరు తడపడానికే, పాచిని తీయలేవు. రక్తం ఆగకపోతేనో, నొప్పికి బ్రష్ తాకనివ్వకపోతేనో వైద్య బృందానికి చెప్పి, కొద్దిరోజులు స్పాంజితో నెట్టుకొచ్చి, తిరిగి బ్రష్‌కే రావాలి.

"ఘాటైన మౌత్‌వాష్ చాలు." ఆల్కహాల్ ఉన్నదైతే పుండు మీద కారం చల్లినట్టే. ఒక కప్పు గోరువెచ్చటి నీళ్లలో పావు టీస్పూను వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపి రెండు మూడు గంటలకోసారి పుక్కిలించి, తర్వాత మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు. పుండ్లను మాన్పే మందు కాదిది. జిగట వదిలించి నోటిని శుభ్రంగా ఉంచుతుందంతే.

"కణాలు పెరిగితే అయిపోయినట్టే." అసలు ప్రమాదం ఈ మాటతోనే. మార్పిడికి ముందు ఇచ్చే కీమో వల్ల వచ్చే పుండ్లు తెల్లకణాలు కోలుకునే రోజుల్లో, సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో మానే మాట నిజమే. సొంత కణాలే తిరిగి ఎక్కించుకున్నవాళ్లకు ఆ కథ చాలావరకు అక్కడితో ముగుస్తుంది. దాత కణాలు తీసుకున్నవాళ్లకు మాత్రం నెలల తర్వాత రెండో దశ మొదలుకావచ్చు: దీర్ఘకాలిక జీవీహెచ్‌డీ. అంటే దాత రోగనిరోధక కణాలు రోగి శరీరాన్నే పరాయిదిగా చూసి దాడి చేయడం. బుగ్గల లోపల, నాలుక మీద తెల్లని అల్లికలాంటి గీతలు పడతాయి, మధ్యలో ఎర్రబారి పుండ్లవుతాయి. అంగిలి మీద చిన్న నీటిబుడగలు వచ్చి పోతుంటాయి. వేడి, కారం, పులుపు నాలుకకు తగలనివ్వవు.

దీనికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ద్రావణం రాస్తారు. నోట్లో పోసుకుని వెంటనే ఉమ్మేస్తే ఫలితం ఉండదు. నాలుగైదు నిమిషాలు అటూ ఇటూ తిప్పి, మింగకుండా ఉమ్మి, ఆ తర్వాత కనీసం పావుగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. స్టెరాయిడ్ వాడకంతో నోట్లో ఫంగస్ పెరగొచ్చు. తుడిస్తే ఊడివచ్చే తెల్లని పూత కనబడితే డాక్టరుకు చూపించాలి. జీవీహెచ్‌డీ గీతలు అలా ఊడిరావు.

దాత కణాల మార్పిడి జరిగినవాళ్లలో, ముఖ్యంగా ఈ జబ్బు ఉన్నవాళ్లలో, ఏళ్లు గడిచాక నోటి క్యాన్సర్ ముప్పు మామూలు వారికన్నా ఎక్కువ. రెండు వారాలైనా మానని పుండు, గట్టిపడ్డ చోటు కనబడితే బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) అవసరమా అని అడగాలి. పొగాకు ఏ రూపంలోనూ వద్దు.

"నోరెండితే నీళ్లు తాగండి." నీళ్లు నోటిని తడుపుతాయి, లాలాజలం చేసే పని చేయవు. పంటి మీది ఆమ్లాన్ని తటస్థపరచేది, పంటికి ఖనిజాలు అందించేది లాలాజలమే. అది తగ్గితే చిగురు అంచున, ముందు పళ్ల కొసల్లో, అంటే మామూలుగా పుచ్చని చోట్ల కూడా పుచ్చు మొదలవుతుంది. డాక్టరు రాసిన 5000 పీపీఎం ఫ్లోరైడ్ పేస్టుతో రాత్రి తోముకుని, ఉమ్మేసి, నీళ్లతో కడగకుండా పడుకోవాలి. చక్కెరలేని చూయింగ్ గమ్ లాలాజలాన్ని ఊరిస్తుంది. నోరు ఆరిపోతోందని తీపి బిళ్లలు చప్పరిస్తే పుచ్చుకు మేత వేసినట్టే.

"ఏడాది దాకా దంతవైద్యుడు వద్దు." అర ముక్క నిజం ఇదే. అత్యవసరం కాని పనులు రోగనిరోధక శక్తి కోలుకునేదాకా, తరచూ ఆరునెలల నుంచి ఏడాది దాకా, వాయిదా వేస్తారు. చీముపట్టిన పన్ను ఆగదు. అప్పుడు మార్పిడి బృందాన్ని అడిగి, తాజా ప్లేట్‌లెట్లు, న్యూట్రోఫిల్స్ (బాక్టీరియాతో పోరాడే తెల్లకణాలు) లెక్కలు చూసుకుని చేయించాలి. ఎముకల కోసం జోలెడ్రోనిక్ ఆమ్లం ఎక్కించుకుని ఉంటే, చివరి డోసు తేదీతో సహా దంతవైద్యుడికి ముందే చెప్పాలి: ఆ మందు తీసుకున్నవారికి పన్ను పీకిన చోట దవడ ఎముక మానకుండా బయటపడి ఉండిపోవచ్చు.