బొంబాయి, మెల్‌బోర్న్ స్టేషన్ల ప్లాన్లు తారుమారు కాలేదు

రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టిన పోస్టు ఒకటి ఏళ్ళ తరబడి తిరుగుతోంది. ఒకటి ముంబైలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్, జనం నోట్లో ఇప్పటికీ వీటీ (విక్టోరియా టెర్మినస్). రెండోది ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నడిబొడ్డున ఉన్న ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్, ఆ ఊరి సబర్బన్ లైన్లు వచ్చి కలిసే చోటు. కింద కథ ఇలా ఉంటుంది. బ్రిటిష్ కాలంలో ఈ రెండింటి ప్లాన్లూ లండన్‌లోనే గీశారట. పోస్టులో పంపేటప్పుడు కవర్లు మారిపోయాయట. బొంబాయికి రావాల్సింది మెల్‌బోర్న్‌కి, మెల్‌బోర్న్‌ది బొంబాయికి చేరిందట. ఎవరూ గమనించకుండా కట్టేశారట. అందుకే మెల్‌బోర్న్ స్టేషన్‌కి మన దేశపు గుమ్మటం, ముంబై స్టేషన్‌కి ఇంగ్లండు చర్చిల లాంటి శిఖరాలూ వచ్చాయని ముక్తాయింపు.

కథ వినడానికి బాగుంటుంది. అందుకే మెల్‌బోర్న్ వాళ్ళూ చెప్పుకుంటారు, మనవాళ్ళూ షేర్ చేస్తారు. కానీ ఇందులో ఏ ముక్కా నిలబడదు.

ముందు తేదీల సంగతి చూద్దాం, ఎందుకంటే కథ సగం అక్కడే కూలిపోతుంది. వీటీ పని 1878లో మొదలైంది. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవం సందర్భంగా ఆమె పేరు పెట్టారు. 1888 నాటికి కట్టడం పూర్తయింది. ఫ్లిండర్స్ స్ట్రీట్ ప్రస్తుత భవనానికి నమూనాలు కావాలని పోటీ పెట్టింది 1899లో. ప్రధాన భవనం పని మొదలైంది 1905లో, పూర్తయింది 1910లో. అంటే మెల్‌బోర్న్ వాళ్ళు ఇంకా కాగితం మీద గీత గీయకముందే బొంబాయి స్టేషన్ కట్టి పదకొండేళ్ళు. వీటీ రూపశిల్పి ఫ్రెడరిక్ విలియం స్టీవెన్స్ 1900లో బొంబాయిలోనే చనిపోయాడు. అప్పటికి ఫ్లిండర్స్ స్ట్రీట్ భవనానికి ఇంకా పునాది పనే లేదు. ఇన్నేళ్ళ తేడా ఉన్న రెండు ప్లాన్లు ఒకే రోజు ఒకే టేబుల్ మీదికి ఎలా వస్తాయి, కవర్లు ఎలా మారతాయి?

ఇక్కడ కొంచెం చదువుకున్నవాళ్ళు ఒక అడ్డు ప్రశ్న వేస్తారు. మెల్‌బోర్న్‌లో అంతకు ముందు కూడా పోటీ జరిగింది కదా, ఆ ప్లాన్ మారిపోయి ఉండొచ్చు కదా అని. జరిగిన మాట నిజమే. 1883లో ఒక పోటీ పెట్టారు. విలియం సాల్వే అనే ఆర్కిటెక్టు గెలిచాడు. కానీ ఆ భవనం కట్టనే లేదు, ప్రభుత్వం ఆలోచన మార్చుకుంది. పైగా 1883 నాటికి బొంబాయిలో వీటీ గోడలు లేస్తూ అయిదేళ్ళయింది. సగం కట్టిన భవనానికి కొత్త ప్లాన్ పొరపాటున వచ్చి చేరడమనేది ఉండదు. వీటీ ఎలా ఉండాలో చూపించే నీటిరంగుల చిత్రం ఒకటి ఉంది, ఆక్సెల్ హేగ్ అనే చిత్రకారుడు 1878లో వేసింది. పదేళ్ళ తర్వాత పూర్తయిన భవనం, ఆ చిత్రంలోని భవనం ఒకటే. బొంబాయి వాళ్ళు ఏం కట్టాలనుకున్నారో అదే కట్టారు.

ఇక లండన్ సంగతి. ప్లాన్లు లండన్‌లో గీసి ఉంటే కదా పోస్టులో మారడానికి! స్టీవెన్స్ ఇంగ్లండులో పుట్టినవాడే. కానీ 1867లోనే ఉద్యోగం మీద ఇండియా వచ్చి, బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో పనిచేశాడు. వీటీ బాధ్యత అప్పగించాక యూరప్ వెళ్ళి అక్కడి పెద్ద స్టేషన్లు చూసి వచ్చాడు. లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ స్టేషన్ ప్రభావం వీటీ మీద కనిపిస్తుందని చరిత్రకారులు చెప్పేది అందుకే. చూసి వచ్చినవాడు బొంబాయిలో కూర్చుని, బొంబాయి కోసం గీశాడు. అవతల ఫ్లిండర్స్ స్ట్రీట్ నమూనా గీసింది జేమ్స్ ఫాసెట్, హెచ్.పి.సి. ఆష్‌వర్త్. ఇద్దరూ విక్టోరియా రాష్ట్ర రైల్వేలో పనిచేసే ఉద్యోగులు, మెల్‌బోర్న్‌లోనే ఉండేవాళ్ళు. పోటీకి 17 ఎంట్రీలు వస్తే వీళ్ళది మొదటి బహుమతి పొందింది. బహుమతి సొమ్ము 500 పౌండ్లు. తమ ఆఫీసు ఉన్న ఊళ్ళో, తాము పనిచేసే రైల్వే కోసం గీసిన ప్లాన్ సముద్రం దాటి ఎందుకు రావాలి?

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. లండన్‌లో ప్లాన్ గీసి బొంబాయికి పంపడం ఆ రోజుల్లో జరగని పని కాదు. బొంబాయి యూనివర్సిటీ లైబ్రరీని, దాని పక్కన రాజాబాయి క్లాక్ టవర్‌ను గీసిన జార్జ్ గిల్బర్ట్ స్కాట్ ఇండియాలో అడుగే పెట్టలేదు. ఆయన ప్లాన్లు లండన్ నుంచే వచ్చాయి, చేరాల్సిన చోటికే చేరాయి. కాబట్టి ఈ కథ పుట్టడానికి కొంచెం ఆధారం ఉందనిపిస్తుంది. కానీ ఈ రెండు స్టేషన్ల విషయంలో ఆ మాత్రం కూడా లేదు.

జనం నమ్మేది మాత్రం తేదీలను చూసి కాదు, ఫోటోలను చూసి. "చూడగానే తెలియడం లేదూ?" అంటారు. అందుకే ఈ పాయింటు దగ్గర కొంచెం ఆగాలి.

ఫ్లిండర్స్ స్ట్రీట్‌కి గుమ్మటం ఉంది, పసుపు రంగు ఉంది, కాబట్టి ఇండియాది అంటున్నారు. గుమ్మటం ఉంటే ఇండియాదే అయిపోతే రోమ్, ఫ్లోరెన్స్, పారిస్ అన్నీ ఇండియాలోనే ఉండాలి. మెల్‌బోర్న్‌లోనే 1880లో కట్టిన రాయల్ ఎగ్జిబిషన్ భవనానికి పెద్ద గుమ్మటం ఉంది. దానికి ఒరవడి ఫ్లోరెన్స్ కెథడ్రల్. ఫ్లిండర్స్ స్ట్రీట్‌ది ఫ్రెంచ్ రినైసాన్స్ పోకడ అని కట్టడాల గురించి రాసేవాళ్ళు అంటారు. ఎర్ర ఇటుక, మీద సిమెంటు పూత, మూల మీద రాగి రేకు గుమ్మటం, ముఖద్వారం మీద పెద్ద అర్ధచంద్రాకారపు కమాను. అప్పట్లో బ్రిటిష్ వాళ్ళు "భారతీయ శైలి" అని కట్టిన భవనాలు ఎలా ఉంటాయో మనకి తెలుసు. ఛత్రీలు (స్తంభాల మీద చిన్న గొడుగు మంటపాలు) ఉంటాయి, జాలీలు (చిల్లుల రాతి తెరలు) ఉంటాయి, బయటికి పొడుచుకొచ్చిన చూరులు ఉంటాయి. ఫ్లిండర్స్ స్ట్రీట్‌లో వీటిలో ఒక్కటీ లేదు.

ఇప్పుడు వీటీ దగ్గరికి వెళ్ళి చూద్దాం. దూరం నుంచి గోథిక్కే, అంటే కోసు కమానులు, శిఖరాలు ఉండే పాత యూరప్ చర్చిల శైలి, సందేహం లేదు. దగ్గరికి వెళ్తే గేటు స్తంభాల మీద ఒక వైపు సింహం, మరో వైపు పులి కూర్చుని ఉంటాయి. సింహం బ్రిటన్‌కి గుర్తు, పులి ఇండియాకి. రాతి చెక్కడాల్లో నెమళ్ళు, కోతులు, ముంగిసలు కనిపిస్తాయి. గోడ మీద గుండ్రటి ఫలకాల్లో రైల్వే కంపెనీ పెద్దలతో పాటు జంషెట్జీ జీజీభాయ్, జగన్నాథ్ శంకర్‌సేఠ్ ముఖాలున్నాయి. బొంబాయికి రైలు రావడానికి పాటుపడిన ఊరి పెద్దలు వాళ్ళు. లండన్‌లో ఎవరో మెల్‌బోర్న్ కోసం గీసిన ప్లాన్ అయితే అందులో శంకర్‌సేఠ్ ముఖం ఎందుకుంటుంది? నెమలి ఎందుకుంటుంది? ఎండ, వాన తట్టుకునేలా గదుల ముందు కమానుల వరండాలు, మధ్యలో వీధి వైపు తెరుచుకున్న ఆవరణ కూడా ఇక్కడి వాతావరణం చూసి పెట్టినవే. యునెస్కో 2004లో వీటీని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించినప్పుడు చెప్పిన కారణం కూడా ఇదే: విక్టోరియన్ గోథిక్, భారతీయ సంప్రదాయం ఇందులో కలిశాయని. విశేషం ఏమిటంటే మెల్‌బోర్న్‌లోని ఆ ఎగ్జిబిషన్ భవనానికి కూడా అదే ఏడాది యునెస్కో గుర్తింపు వచ్చింది.

గోథిక్ బొంబాయికి పొరపాటున వచ్చింది కాదు, అప్పటి బొంబాయి ఫ్యాషనే అది. కోట గోడలు పడగొట్టాక 1860ల నుంచి ప్రభుత్వం వరసగా కట్టించినవి చూస్తే తెలుస్తుంది. సెక్రటేరియట్, యూనివర్సిటీ, హైకోర్టు అన్నీ ఆ బాణీలోనివే. వీటీ తర్వాత స్టీవెన్స్ దానికి సరిగ్గా ఎదురుగా మునిసిపల్ కార్పొరేషన్ భవనం కట్టాడు, అది 1893లో పూర్తయింది. చర్చిగేట్‌లో మరో రైల్వే కంపెనీ హెడ్డాఫీసు కూడా ఆయనదే. మూడింటినీ చూస్తే ఒకే చెయ్యి అని ఇట్టే తెలిసిపోతుంది. వీటీ ప్లాన్ దారి తప్పి వచ్చిందంటే ఎదురుగా ఉన్న మునిసిపల్ ఆఫీసు ప్లాన్ కూడా దారి తప్పిందనాలి.

వీటన్నిటికన్నా నాకు బలంగా అనిపించేది స్థలం సంగతి. వీటీ టెర్మినస్. పట్టాలు వచ్చి అక్కడ ఆగిపోతాయి. ముందు ఆఫీసుల భవనం, గుమ్మటం కింద పెద్ద మెట్ల వరస, రెండు రెక్కలు, ప్లాట్‌ఫారాలు విడిగా. ఫ్లిండర్స్ స్ట్రీట్ అలాంటిది కాదు. అటు యారా నది, ఇటు ఫ్లిండర్స్ వీధి, మధ్యలో సన్నటి పొడవాటి పట్టీ లాంటి జాగా. స్వాన్‌స్టన్ వీధి నుంచి ఎలిజబెత్ వీధి దాకా భవనం రోడ్డు పొడుగునా సాగుతుంది. రైళ్ళు భవనం పక్కనుంచి ఇటు వచ్చి అటు వెళ్ళిపోతాయి. ముఖద్వారం భవనం మధ్యలో లేదు, కూడలి మూలన ఉంది. వీధి మట్టంలో ఉన్న హాల్లోంచి కిందికి దిగితే ప్లాట్‌ఫారాలు. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం పొడవు ఏకంగా 708 మీటర్లు. వీటీ ప్లాన్ తెచ్చి ఆ నది ఒడ్డున పరిస్తే సగం నదిలో ఉంటుంది, పట్టాలు గోడకి గుద్దుకుంటాయి. పోటీ పెట్టేనాటికే పట్టాలు ఎలా ఉండాలో, ప్రయాణికుల హాలు ఎక్కడ రావాలో రైల్వే తేల్చేసింది. పోటీలో పాల్గొన్నవాళ్ళు ఆ కొలతలకే గీయాల్సి వచ్చింది.

"ఎవరూ గమనించలేదు" అన్నది ఆఖరి ముక్క. ఫ్లిండర్స్ స్ట్రీట్ ప్లాన్‌ని గమనించినంతగా ఆ రోజుల్లో అక్కడ ఏ ప్లాన్‌నీ గమనించి ఉండరు. గెలిచిన నమూనాలో ప్లాట్‌ఫారాల మీద పెద్ద కమాను కప్పు ఉంది. దాన్ని తర్వాత వదిలేశారు. 1904లో రైల్వే కమిషనర్లు మళ్ళీ దిద్ది, ఒక అంతస్తు పెంచి, రాయికి బదులు ఇటుక, సిమెంటు పూత చాలన్నారు. పై అంతస్తులో రైల్వే ఉద్యోగుల కోసం లైబ్రరీ, జిమ్, ఉపన్యాసాల హాలు పెట్టారు. ఆ హాలే తర్వాత డాన్సులు జరిగే బాల్‌రూమ్ అయింది. ఇన్నిసార్లు కూర్చుని కొట్టేసి, రాసి, మార్చుకున్న ప్లాన్ వేరే ఊరిదని ఒక్కరికీ తట్టలేదంటే ఎలా నమ్ముతాం? బొంబాయిలోనూ అంతే. సుమారు 16 లక్షల 14 వేల రూపాయలు ఖర్చయిన పని అది, ఆ కాలపు లక్షలు. వచ్చిన కవరు చూసుకోకుండా అంత డబ్బు పెట్టే కంపెనీ ఉండదు.

ఇలాంటి కథలు ఈ రెండు స్టేషన్లకే పరిమితం కాదు. గ్లాస్గోలో కెల్విన్‌గ్రోవ్ మ్యూజియం వెనకా ముందూ తిప్పి కట్టారని, అది చూసి ఆర్కిటెక్టు పైనుంచి దూకేశాడని చెప్పుకుంటారు. ముంబైలో తాజ్ హోటల్ మీద కూడా అచ్చం అదే కథ. రెండూ అబద్ధాలే.

"సరదాగా షేర్ చేశాం, దానికింత సీరియస్ ఎందుకు?" అని అడిగేవాళ్ళుంటారు. నాకు బాధ కలిగించేది సరదా కాదు. ఈ కథ నమ్మితే ఆ రెండు ఊళ్ళలో పనిచేసినవాళ్ళంతా మాయమైపోతారు. లండన్ ఏది పంపితే అది కళ్ళు మూసుకుని కట్టే కూలీలే మిగులుతారు. వీటీ చెక్కడాల్లో చాలా భాగం బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ విద్యార్థుల చేతిపని. జాన్ గ్రిఫిత్స్ దగ్గర నేర్చుకుంటూ ఆకులు, పక్షులు, జంతువులు రాతిలోకి తెచ్చింది వాళ్ళు. వాళ్ళలో చాలామంది పేర్లు ఎక్కడా రాసి లేవు. పని మాత్రం ఇప్పటికీ ఆ గోడల మీదే ఉంది. గుమ్మటం మీద నిలబడ్డ ప్రగతి విగ్రహం థామస్ ఎర్ప్ అనే శిల్పి చేసింది. కుడిచేతిలో పైకెత్తిన దివిటీ, ఎడమచేతిలో చక్రం. ఈసారి ఆ రెండు ఫోటోలు పక్కపక్కన కనిపిస్తే కింద కథ తీసేసి ఈ పేర్లు రాయండి: బొంబాయి స్టేషన్‌కి స్టీవెన్స్, ఎర్ప్, జె.జె. స్కూల్ విద్యార్థులు, మెల్‌బోర్న్ స్టేషన్‌కి ఫాసెట్, ఆష్‌వర్త్.