ఆకాశంలోకి ఏఐ ఎప్పుడొస్తుందని తొందరపడేవాళ్లకి

ఈ మధ్య ఎవర్ని కదిపినా ఒకటే ప్రశ్న, కార్లే వాటంతటవి తిరిగేస్తున్నాయి కదా, విమానాలకి దారి చెప్పడానికి ఇంకా హెడ్‌సెట్ పెట్టుకున్న మనుషులు (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు) ఎందుకండీ అని. ఇది యూనివర్సిటీల మీద దాడి అని నా నిశ్చితాభిప్రాయం. సమస్య తీరిపోతే రీసెర్చ్ చేసేవాళ్లు ఏమైపోవాలి? పీహెచ్‌డీ మూడో ఏడులో ఉన్న కుర్రాడి గతేంటి?

అయినా సిమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్‌లోని ఉత్తుత్తి ఆకాశంలో, ఈ సమస్య ఎప్పుడో తీరిపోయింది. నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ యూనివర్సిటీవాళ్లు బ్లూస్కై అని ఒకటి తయారుచేసి ఫ్రీగా పెట్టారు, లుంగీ కట్టుకుని ఇంట్లో కూర్చుని యూరప్ ఆకాశం మొత్తం నడుపుకోవచ్చు. ఇలాంటి సిమ్యులేటర్లలో ఏఐకి చెప్పేది ఏంటంటే, రెండు విమానాల మధ్య పక్కకి 5 నాటికల్ మైళ్లయినా ఉండాలి, లేదంటే పైకీ కిందకీ 1000 అడుగులైనా ఉండాలి, తప్పితే మైనస్ మార్కులు, మళ్లీ మొదట్నుంచి. గుద్దించి గుద్దించి నేర్చుకుంటుంది. చాలా రీసెర్చ్ పేపర్లలో పైలట్లు కూడా ఎంత బుద్ధిమంతులో, చెప్పగానే తిరుగుతారు, "సే అగైన్" (ఇంకోసారి చెప్పండి) అనరు, ఎదురుగా పెద్ద మబ్బుంది నేను అటు పోను అని బేరం పెట్టరు. అలాంటి ఆకాశంలో ఏఐ గెలిచిందంటే గెలిచినట్టే, మనం ఒప్పుకోవాలి.

ఇక బయట ఆకాశం సంగతి. బ్రిటన్‌లో 2021లో ప్రాజెక్ట్ బ్లూబర్డ్ అని మొదలెట్టారు, అలన్ ట్యూరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఎక్సెటర్ యూనివర్సిటీ, అక్కడి ట్రాఫిక్ కంట్రోల్ సంస్థ నాట్స్ కలిసి, 1 కోటీ 37 లక్షల పౌండ్ల ఖర్చుతో. ఏఐ చేత ఆకాశంలో ఒక ముక్కని నిజంగా నడిపించి చూడాలన్నది లక్ష్యం. మంచిదే. 2023 ఆగస్టు 28న అదే నాట్స్‌కి లాస్ ఏంజెలిస్ నుంచి పారిస్ పోయే విమానం ఫ్లైట్ ప్లాన్ ఒకటొచ్చింది, అందులో దారి గుర్తుగా డీవీఎల్ అని ఒక పాయింట్. ఆ పేరుతో ఫ్రాన్స్‌లో డోవిల్ దగ్గర ఒకటుంది, అమెరికాలో నార్త్ డకోటాలో డెవిల్స్ లేక్ దగ్గర ఇంకోటుంది. సాఫ్ట్‌వేర్‌కి (ఇందులో ఏఐ లేదు, మామూలుదే) బుర్ర తిరిగి, తప్పు దారి చూపించడం కన్నా పడుకోవడం మేలనుకుని పడుకుంది. బ్యాకప్ లేచి అదే ప్లాన్ చదివి తనూ పడుకుంది. అంతా 20 సెకన్లలోపే. 7 లక్షల మందికి పైగా ప్రయాణాలు పాడయ్యాయి, డ్యూటీ ఇంజినీరేమో ఇంటి దగ్గర్నుంచి లాగిన్ అవ్వలేక ఆఫీసుకి వచ్చేసరికి గంటన్నర.

మనమేం తక్కువ తినలేదు, 2025 నవంబర్‌లో ఢిల్లీ ఎయిర్‌పోర్టులో మెసేజ్‌లు అటూ ఇటూ పంపే సిస్టమ్ పోయి 800కి పైగా ఫ్లైట్లు లేటయ్యాయి, ఫ్లైట్ ప్లాన్లు చేత్తో చేసుకున్నారు. చేతులున్న మనుషులు అక్కడ ఉండబట్టి సరిపోయింది, కానీ ఈ ముక్క గ్రాంట్ అప్లికేషన్‌లో రాయకూడదు.

సరే, మెషీన్ రెడీ అనే అనుకుందాం, మనిషి ఒప్పుకోవాలి కదా. ఇక్కడే నాకు చాలా ఇష్టమైన రీసెర్చ్ ఉంది. యూరప్‌లో ముఫాసా అని ప్రాజెక్టు, దాని పేపర్ 2014లో వచ్చింది, డెల్ఫ్ట్‌వాళ్లు ఇందులోనూ ఉన్నారు. నిజం కంట్రోలర్లనే పిలిచి, విమానాలు ఢీకొనే పరిస్థితులు ఇచ్చి, ఎవరెలా తప్పించారో రికార్డ్ చేశారు. కొన్నాళ్లాగి అవే సీన్లని తిప్పేసి, పేర్లు మార్చేసి గుర్తుపట్టకుండా చేసి, ఇదిగో కంప్యూటర్ ఈ సలహా ఇస్తోంది, తీసుకుంటారా అని అడిగారు. ఆ సలహా చాలాసార్లు ఆ కంట్రోలర్ ఇంతకుముందు తను చేసిందే, మిగతావి పక్క కంట్రోలర్లు చేసినవి. అసలు మెషీన్‌లో మెషీనే లేదు! అయినా తమ సలహానే దాదాపు నాలుగో వంతు సార్లు వద్దన్నారు. అత్తగారు తను పెట్టిన పులుసునే కోడలు పెట్టిందనుకుని ఉప్పు తక్కువైంది అన్నట్టు.

సొంత సలహాలైతే పక్కవాళ్ల సలహాల కన్నా ఎక్కువగానే ఒప్పుకున్నారట, అది వేరే విషయం, నాలాంటివాడికి ఆ నాలుగో వంతే కావాలి. ఎందుకంటే దీన్నిబట్టి ఏఐ మనిషంత తెలివైనదైనా చాలదు, అచ్చం ఆ మనిషే అయిపోయినా చాలదు. తర్వాత మహాలో అని ఇంకో ప్రాజెక్టు వచ్చింది, ఏఐ కంట్రోలర్ లాగే ఆలోచించాలా లేక ఎందుకలా చెప్తోందో విడమర్చి చెప్పాలా అని తేల్చడానికి. ఆ తర్వాత ఇంకోటొస్తుంది. ఒక ప్రాజెక్టు రిపోర్టులో చివరి పేజీ దగ్గరికొచ్చేసరికి తర్వాతి ప్రాజెక్టుకి మొదటి పేజీ రెడీ అయిపోవడం, ఇంత క్రమశిక్షణ నేను విమానాల టైమింగ్స్‌లో ఎప్పుడూ చూళ్లేదు.

కాబట్టి నా వంతుగా ఒక ప్రపోజల్. మన బేగంపేట ఎయిర్‌పోర్టులో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీవాళ్లు 350 కోట్ల పైచిలుకుతో రీసెర్చ్ సెంటర్ కట్టారు, కారో అంటారు, 2024 మార్చిలో ప్రధాని ప్రారంభించారు. ముఫాసాని అక్కడ తిరగేసి చేద్దాం. నిజంగా ఏఐ ఇచ్చిన సలహాని తీసుకెళ్లి, సార్ పోయిన నెల మీరు చెప్పిందే సార్ ఇది, భలే చెప్పారు సార్ అని కంట్రోలర్ గారికి చూపించాలి. వద్దంటే ఒక పేపర్, సరేనంటే ఒక పేపర్, నేనెప్పుడు చెప్పానయ్యా అంటే ఫేజ్ టూ.