సవరణ: సమ్మర్‌హిల్‌లో రూల్స్ ఉన్నాయి

ఇంగ్లండ్‌లోని సమ్మర్‌హిల్ బడి గురించి మొన్న రాస్తూ "అక్కడ క్లాసులూ ఉండవు, రూల్సూ ఉండవు" అన్నాను. అది తప్పు. బడివాళ్లే ప్రచురించిన వివరాలు సరిగ్గా చదవకుండా రాశాను.

క్లాసులకు టైంటేబుల్ ఉంది, టీచర్లు ఉన్నారు. వెళ్లాలా వద్దా అన్నది మాత్రం పిల్లల ఇష్టం. రూల్స్ అయితే చాలానే ఉన్నాయి. నిద్రపోయే వేళతో సహా ఎన్నో విషయాలు అందరూ కూర్చునే సమావేశంలో ఓటు వేసి తేల్చుకుంటారు. అక్కడ చిన్న పిల్లకీ ఒక ఓటే, ప్రిన్సిపాల్‌కీ ఒక ఓటే. 1921లో ఎ.ఎస్. నీల్ పెట్టిన ఈ బడిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ సమావేశమే, నా పోస్టులో దాని ఊసే లేదు. ఎదుటివాళ్లను ఇబ్బంది పెట్టే స్వేచ్ఛ అక్కడ ఎవరికీ లేదు. భద్రతకు సంబంధించిన నిర్ణయాలు మాత్రం పెద్దలవే.