కుండలో ఏముందో స్పెక్ట్రమే చెప్పాలి

మన యూనివర్సిటీల్లో కెమిస్ట్రీ థీసిస్‌లు తిరగేస్తే మల్టీకాంపొనెంట్ సింథసిస్ అనే మాట పదేపదే తగులుతుంది. మూడు నాలుగు పదార్థాలను ఒకే ఫ్లాస్కులో వేస్తారు. మధ్యలో ఏదీ బయటికి తీయకుండా, వలయాలు ఒకదానికొకటి అతుక్కున్న హెటిరోసైక్లిక్ (వలయంలో కార్బన్‌తో పాటు నైట్రోజన్ లాంటి వేరే పరమాణువులూ ఉన్న) అణువును నేరుగా రాబడతారు. సాల్వెంట్ ఆదా, టైమ్ ఆదా. పేపర్లు కూడా త్వరగా వస్తాయి, అది వేరే సంగతి.

ఈ పద్ధతిలో తెలుగువాడి పేరుతో ముడిపడ్డ పాత ఉదాహరణ ఒకటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో పరిశోధన నడిపిస్తున్న రోజుల్లో, 1945లో, అక్కడి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ఇలాగే తయారుచేసింది. ట్రైఅమైనో హైడ్రాక్సీ పిరిమిడిన్, డైబ్రోమో ప్రొపియనాల్డిహైడ్, పారా అమైనోబెంజాయిల్ గ్లుటామిక్ ఆమ్లం: ఈ మూడింటినీ కలిపితే పిరిమిడిన్‌ను ఆనుకుని మరో వలయం ఏర్పడి టెరిడిన్ అవుతుంది. మొదటి పదార్థంలో హైడ్రాక్సీ స్థానంలో ఇంకో అమైనో గుంపు ఉన్నది వాడితే వచ్చేది అమినోప్టెరిన్. ఒకటి రక్తహీనతకు వాడే విటమిన్, రెండోది ఆ విటమిన్ పనినే అడ్డుకునే మందు. లుకేమియా పిల్లల్లో దాన్ని వాడి చూసిన ఫలితాలను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రచురించారు.

ఈ రెండింటి అణుభారాలు చూడండి: 441, 440. తేడా ఒక్కటి. ఇంకా చిక్కేమిటంటే, టెరిడిన్‌కు పక్క గొలుసు 6వ స్థానంలో కాకుండా 7లో అతుక్కున్నా అణుభారం మారదు, అణుభారాన్ని కొలిచే మాస్ స్పెక్ట్రం ఆ తేడాను పట్టుకోలేదు. అణువులో ఏ హైడ్రోజన్ ఎలాంటి చోట ఉందో చూపే ఎన్‌ఎంఆర్ అప్పటికి రసాయన శాస్త్రవేత్తల చేతికి రాలేదు. అందుకే అణువును ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ గుర్తుపట్టి, తయారైన పదార్థంతో, ఈ విటమిన్ ఉంటేనే పెరిగే బ్యాక్టీరియా పెరుగుతోందో లేదో చూసి మరీ నిర్మాణాన్ని తేల్చారు.

ఇప్పుడు పది నిమిషాల్లో ప్రోటాన్ స్పెక్ట్రం (హైడ్రోజన్‌ల ఎన్‌ఎంఆర్ చిత్రం) వచ్చేస్తుంది. అయినా మన శ్రద్ధంతా రియాక్షన్‌ను వేగంగా నడిపించే కెటలిస్టుల మీదే. పైరనోపైరజోల్ అనే జంట వలయాల అణువు సంగతే తీసుకోండి. బెంజాల్డిహైడ్, మాలోనోనైట్రైల్, ఇథైల్ ఎసిటోఎసిటేట్, హైడ్రజీన్ కలిపితే వస్తుంది. నాలుగింటి భారం మొత్తం 334. రెండు నీటి అణువులు, ఒక ఇథనాల్ పోగా మిగిలేది 252. అంటే వేసిన దాంట్లో నాలుగింట మూడొంతులు ఉత్పత్తిలోనే ఉంటుంది. నిజంగా చక్కని రియాక్షన్. కెటలిస్ట్ లేకుండానే జరుగుతుందని చూపిన పేపర్లూ ఉన్నాయి. మరి అదే రియాక్షన్‌కు ఏటా ఒక కొత్త నానో కెటలిస్ట్ దేనికి? కెటలిస్ట్ వేయకుండా చేసిన ప్రయోగం ఫలితాన్ని పట్టికలో మొదటి వరుసలో పెట్టనిదే పేపర్ తీసుకోకూడదని నా అభిప్రాయం. స్పెక్ట్రాల బొమ్మలతో పాటు యంత్రం ఇచ్చిన అసలు ఫైళ్లు కూడా అడగాలి. బొమ్మను ఎక్కడ కావాలంటే అక్కడ కోయొచ్చు కదా.

ఈ మధ్య ఒక వైవాలో కూర్చున్నాను. ఇదే కాంపౌండ్, యీల్డ్ 95 శాతం అని రాసి ఉంది. స్లైడ్ మీద స్పెక్ట్రం 8 పీపీఎం (పీక్ ఎక్కడ పడిందో చెప్పే కొలత) దగ్గర ఆగిపోయింది. 4.6 దగ్గర ఉండాల్సిన సింగ్లెట్, అంటే చీలని ఒంటి పీక్, ఉంది, బాగానే ఉంది. కానీ నైట్రోజన్‌కు అతికిన హైడ్రోజన్, అదే ఎన్‌హెచ్ ప్రోటాన్, 12 దగ్గర కదా కనిపించాలి? ల్యాప్‌టాప్‌లో అసలు ఫైల్ తెరిపించాను. 12.1 దగ్గర వెడల్పాటి పీక్ కనిపించింది. దాంతోపాటు 8.5 దగ్గర చిన్న సింగ్లెట్ ఒకటి. ఆల్డిహైడ్, మాలోనోనైట్రైల్ కలిసి అయ్యే మధ్య పదార్థం అది, ముందుకెళ్లకుండా అలాగే మిగిలిపోయింది.

ఆ భాగం ఎందుకు కోశావమ్మా అని అడిగాను. "ఎనిమిది దాటాక ఏమీ ఉండదన్నారు సార్, మా సీనియర్ల థీసిస్‌లో కూడా అక్కడికే ఉంది" అంది ఆ అమ్మాయి.