చనిపోయాడని మీకు తెలియదా?

ఆ పెద్దాయన పోయిన మరుసటి నెలలోనే పింఛను ఆగిపోయింది. ఎవరూ ఏ కాగితమూ అడగలేదు. ఊరంతా ఎరిగిన చావే కనుక జాబితాలో పేరు పక్కన ‘డెత్’ అని కొట్టేశారు. రేషన్ కార్డులో ఒక పేరు పోయింది, ఆ మేరకు బియ్యమూ పోయాయి. దానికీ కాగితం అడగలేదు. ఏడాదిన్నర గడిచాక, ఆయన పేరున ఉన్న ఎకరం చెలకను తన పేరుకు మార్చమని ఇల్లాలు మండల ఆఫీసుకు వెళ్తే మాత్రం ‘మీ ఆయన చనిపోయినట్టు ప్రూఫ్ ఏదమ్మా’ అన్నారు.

ఆమె చేతిసంచిలోంచి లామినేషన్ చేయించిన పేపర్ ముక్క తీసింది. కొడుకు మా పత్రిక జిల్లా ఎడిషన్‌లో వేయించిన ప్రథమ వర్ధంతి ప్రకటన అది. తలపాగాతో ఫొటో, కింద కుటుంబసభ్యుల పేర్లు. కత్తిరించేటప్పుడు తేదీ ఉన్న పైపట్టీ పోయింది. తేదీ లేదు, చెల్లదు అన్నారట. తేదీ కనిపించే పాత పేపర్ ఒకటి దొరుకుతుందా అని గత వారం ఆమె మా ఆఫీసు మెట్లెక్కింది. వెతికి ఇచ్చాం. తేదీ ఉన్నా చెల్లదని, కావాల్సింది మరణ నమోదు సర్టిఫికెట్ అని మాకు తెలుసు. ఆ మాట ఆమెతో అనడానికి నోరు రాలేదు.

ఆ చావు నమోదు కాకపోవడానికి కారణం వింటే ఒళ్లు మండుతుంది. పట్నం ఆస్పత్రికి తీసుకెళ్తుండగా దారిలోనే ప్రాణం పోయింది. అడ్మిట్ చేసుకోలేదు కాబట్టి మాకు సంబంధం లేదంది ఆస్పత్రి. మా ఊళ్లో పోలేదు కదా అన్నది పంచాయతీ. కదిలే వాహనంలో ఎవరైనా చనిపోతే, ఆ వాహనం మొదట ఆగిన చోట దాని బాధ్యుడు సమాచారం ఇవ్వాలని నిబంధన. శవాన్ని దింపి ఇంకో కేసుకు పరుగెత్తే డ్రైవర్ ఏ జనన మరణాల రిజిస్ట్రార్‌ను వెతుక్కుంటూ పోతాడు? చావు నమోదుకు ఉన్న 21 రోజుల గడువులో ఆ ఇంట్లో దినాలు జరిగాయి, అప్పులు లెక్క తేలాయి, కొడుకు మళ్లీ పనికి వెళ్లిపోయాడు. గడువు సంగతి వాళ్లకు చెప్పిన నాథుడు లేడు.

30 రోజులు దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే ఆర్డీవో ఉత్తర్వు. దానికి ముందు ఆ పేరు తమ రిజిస్టర్లో లేదని ఆ రిజిస్టర్ పెట్టుకున్నవాళ్లే ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. వాళ్లు రాయనందుకు వాళ్లిచ్చే సర్టిఫికెట్ కోసం ఈమె మీసేవలో డబ్బు కట్టాలి. ఆపైన విచారణ, సాక్షులు, వాంగ్మూలాలు. ఒక్కో మెట్టుకూ ఒక రోజు కూలి, రానూపోనూ ఖర్చులు.

నకిలీ మరణ పత్రాలతో బీమా సొమ్ము కాజేసిన ముఠాలు మన జిల్లాల్లోనే పట్టుబడ్డాయి కాబట్టి జాగ్రత్త తప్పదని అధికారులు అంటారు. నిజమే. మరి ఆ జాగ్రత్త పింఛను కొట్టేసేటప్పుడు ఏమైంది? ఆయన పోయాడని పింఛను జాబితాకు తెలుసు. రేషన్ డీలర్‌కు తెలుసు. తెలియనిది ఆమెకు ఏదైనా ఇవ్వాల్సిన కౌంటర్‌కు మాత్రమే.

ఇది ఒక ఊరి కథ అయితే విలేకరి వార్తతో సరిపోయేది. 2023లో జనన మరణాల నమోదు చట్టాన్ని సవరించి దేశమంతటికీ ఒకే డేటాబేస్ అన్నారు. ఓటర్ల జాబితా, రేషన్ కార్డులు, ఇతర రికార్డులు దాంతో సరిచేసుకోవచ్చన్నారు. మరణాల వివరాలు నేరుగా తెప్పించుకుని ఓటర్ల జాబితాలను సవరిస్తామని 2025 మేలో ఎన్నికల సంఘం ప్రకటించింది. అదే ఏడాది చనిపోయినవారివంటూ 2 కోట్లకు పైగా ఆధార్ నంబర్లను రద్దు చేశారు. ఆ సమాచారంలో కొంత వచ్చింది రేషన్, పింఛను జాబితాల నుంచే! అంటే డీలర్ చెప్పిన చావు ఆధార్ రద్దుకు సరిపోతుంది. అదే చావు భార్యకు ఎకరం చెలక రాసివ్వడానికి సరిపోదు. తీసేయడానికి ఒక లెక్క, ఇవ్వడానికి ఒక లెక్క.

చేయాలనుకుంటే చేయలేరా అంటే, చేసి చూపించారు కూడా. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబీమాలో పది రోజుల్లో 5 లక్షలు నామినీకి చేరాలని పెట్టుకున్నారు. వ్యవసాయ విస్తరణాధికారులే (ఏఈవోలు) ఇంటికొచ్చి పత్రాలు పోగుచేసిన సందర్భాలు ఎన్నో. ఆ బీమా 59 ఏళ్ల వరకే. అదే రైతు అరవై దాటాక పోతే ఇంటి గడప తొక్కేవాడు లేడు. కొవిడ్ మృతుల కుటుంబాలకు 50 వేల పరిహారం అన్నప్పుడూ ఇంతే. సర్టిఫికెట్‌లో కొవిడ్ అని లేదన్న ఒక్క సాకుతో తిప్పి పంపొద్దని 2021లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

పాత చావుల గతి ఇంకా అధ్వానం. మునసబు, కరణం, పటేల్, పట్వారీ వ్యవస్థలు 1984 ప్రాంతంలో రద్దయ్యాయి. తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. రిజిస్టర్లు ఎడ్లబండ్లలో కొన్ని, జీపుల్లో కొన్ని ఆఫీసులు మారాయి. ఓ రికార్డు గదిలో మా విలేకరి చూసిన మూట సంగతి వినండి. ఎర్రగుడ్డ ముడి విప్పగానే పొడి రాలింది. ఒక సంవత్సరం పుస్తకంలో జూలై నుంచి చెదపురుగులు తినేశాయి. మిగిలిన పేజీల్లో ‘లక్ష్మమ్మ, భర్త పేరు రామయ్య’ అని నాలుగు చోట్ల ఉంది, ఇంటిపేరు ఎక్కడా లేదు. తాత ఆస్తి పంపకానికి మనవడు ఆ నలుగురు లక్ష్మమ్మల్లో తన నాయనమ్మ ఎవరో తేల్చుకోవాలి. రిజిస్టర్లో ఫలానా పేరు వెతికించి నకలు తీసుకునే హక్కు ఎవరికైనా ఉందని చట్టంలోని 17వ సెక్షన్ చెబుతోంది. మరణ కారణం ఒక్కటే బయటపెట్టరు. హక్కు ఉంది, మూట విప్పే మనిషి లేడు. ‘రేపు రండి’ అనే మాట మాత్రం అన్ని ఆఫీసుల్లోనూ స్టాకులో ఉంటుంది.

మా తప్పూ కొంత ఉంది. శ్రద్ధాంజలి ప్రకటనలకు సెంటీమీటర్ల లెక్కన డబ్బు తీసుకుంటాం, పాత పేజీల్లో ఊరిపేరుతో వెతుక్కునే ఏర్పాటు మాత్రం చేయలేదు. అయినా పేపర్లో ఫొటో వేయించుకోగలిగేది ఎంతమంది? కూలికి పోయే మనిషి చచ్చిపోతే ఊరి చౌరస్తాలో ఫ్లెక్సీ కూడా లేవదు. ఆయన పేరు చివరిసారి రాయాల్సింది పంచాయతీ రిజిస్టర్లోనే. అక్కడా రాయరు.

కొత్త చట్టం, కొత్త యాప్ అక్కర్లేదు. పల్లెల్లో జనన మరణాల రిజిస్ట్రార్ ఎక్కడో ఉండడు, పంచాయతీ కార్యదర్శే రిజిస్ట్రార్. ఏ చావునైనా కారణంగా చూపి పింఛను కొట్టేసిన రోజే దాన్ని రిజిస్టర్లో ఎక్కించాలి. వారంలోగా సర్టిఫికెట్ ఇంటికి చేర్చాలి. అది చేసేదాకా పింఛను కొట్టేసే మీట ఆయన వేలికి అందకూడదు. దారిలో పోయిన ప్రాణాలను సొంతూరి పంచాయతీలోనే రాసుకునేలా రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఉత్తర్వులివ్వాలి. ఏడాది దాటిన కేసుల్లో ఆ ఇంటి నుంచి పింఛను ఎప్పుడు ఆపారో మీ కంప్యూటర్లోనే ఉంది, మీరే తీసి చూసుకోండి. ఆమెను అడగకండి. ఆ ఇంటి దినాలకు వచ్చి విస్తరి ముందు కూర్చుని అన్నం తిన్నవాళ్లలో మీ సిబ్బందీ ఉన్నారు. ఏడాదిన్నర తర్వాత కౌంటర్ వెనక నుంచి ‘మీ ఆయన ఎప్పుడు పోయాడమ్మా’ అని అడగడానికి కాస్త సిగ్గుండాలి.